అప్పు ఎవరు చెప్పాలి, ఎవరికి చెప్పాలి?

ఈ దేశంలో పేదవాణ్ణి నీ అప్పెంత అని అడగనివాడు లేడు. దొర అడిగాడు, పట్వారీ అడిగాడు, బ్యాంకువాడు అడిగాడు, సర్వేకొచ్చిన పంతులమ్మ అడిగింది. అడిగిన ప్రతిసారీ మనవాళ్లు చెప్పారు. చెప్పకపోతే పని జరగదు గనక చెప్పారు. మరి ఆ అడిగినవాళ్ల లెక్క ఏమిటని ఎదురు అడిగిన సందర్భాలు మన చరిత్రలో ఎన్ని? వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అవి ఎట్లా వచ్చాయి, వచ్చినవి ఎట్లా పోయాయి అన్నది ఇక్కడ చూడదలచుకున్నాం. చైతన్యపురి నుంచి మొదలుపెడుతున్నాం. ఈ కథకు ఒక కొస అక్కడ 2024లో ఉంది, ఇంకో కొస అదే పేటలో పదహారు వందల ఏళ్ల కిందట ఉంది.

2024 సెప్టెంబరు చివర్లో మూసీ నదీగర్భంలోని ఇళ్లను గుర్తించడానికి రెవెన్యూ సిబ్బంది వచ్చి గోడల మీద ఎర్ర రంగుతో ఆర్‌.బి.ఎక్స్‌ అని రాయడం మొదలుపెట్టారు. చైతన్యపురి, ఫణిగిరి కాలనీ, కొత్తపేట వైపు జనం బయటికొచ్చి అడ్డుకున్నారు. టీవీ మైకుల ముందు వాళ్లు మాట్లాడినవి గుర్తు చేసుకోండి. ఎంత పెట్టి కొన్నదీ, బ్యాంకు ఎంత ఇచ్చిందీ, ఇంకా ఎన్నేళ్లు కిస్తీలు కట్టాలో చెప్పారు. రిజిస్ట్రేషన్ కాగితాలు, ఇంటిపన్ను రశీదులు ఎత్తి చూపించారు. మామూలు రోజుల్లో పక్కింటివాళ్లకు కూడా చెప్పుకోని లెక్కలవి. ఇల్లు పోతుందనే సరికి ఊరందరి ముందు చెప్పాల్సి వచ్చింది. వాళ్ల బాధను మేము తక్కువ చేయడం లేదు.

అయితే అదే నది వెంట ఇంకాస్త పైకి, చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్ బస్తీ ఉంది. అక్కడివాళ్లలో కొన్ని కుటుంబాలను మలక్‌పేట పిల్లిగుడిసెల దగ్గరి డబుల్ బెడ్రూం ఇళ్లకు పంపించి, వాళ్ల పాత ఇళ్లు కూల్చేశారు. ఇట్లాంటి బస్తీల్లో అప్పులు లేవా? ఉన్నాయి. గ్రూపు లోను ఉంటుంది, గిరిగిరి వాడి బాకీ ఉంటుంది, పని చేసే ఇంట్లో అమ్మగారి దగ్గర తీసుకున్న చేబదులు ఉంటుంది. రేకుల ఇంటికి గోడ లేపింది ఆ డబ్బుతోనే. కానీ ఆ అప్పులు వాళ్ల తరఫున సాక్ష్యం చెప్పలేదు. బ్యాంకు ఇచ్చిన ఇంటి అప్పు యజమానినని రుజువు చేసే కాగితం. గిరిగిరి వాడి కార్డు మీద పడిన టిక్కులు దేన్నీ రుజువు చేయవు. అప్పుల్లోనూ వర్ణాలున్నాయి. పై వర్ణపు అప్పు పరువు, కింది వర్ణపు అప్పు నామోషీ.

ఆ తర్వాత నెలన్నరకే, 2024 నవంబరు 6న రాష్ట్ర ప్రభుత్వం ఇంటింటి కులసర్వే మొదలుపెట్టింది. ప్రశ్నావళిలో కులంతో పాటు భూమి, ఆదాయం, వాహనాలు, గత అయిదేళ్లలో తీసుకున్న అప్పు, అది ఎందుకు తీసుకున్నారు, ఎవరి దగ్గర తీసుకున్నారు అన్నవి ఉన్నాయి. ఊళ్లలో, బస్తీల్లో జనం కూర్చోబెట్టి చెప్పారు. నగరంలో అపార్టుమెంట్ల తలుపులు తెరవలేదని, తెరిచినా ఆస్తి, అప్పు గడులు ఖాళీగా ఉంచమన్నారని అప్పట్లో పత్రికలు రాశాయి. 2025 ఫిబ్రవరిలో లెక్క బయటపెట్టినప్పుడు 96.9 శాతం కుటుంబాలు సర్వేలోకి వచ్చాయన్నారు. దళితుల లెక్క 17.43 శాతంగా తేలింది. మిగిలిన 3.1 శాతం కోసం సర్వేను మళ్లీ తెరవాల్సి వచ్చింది. లెక్క చెప్పకుండా ఉండగలగడం కూడా ఒక ఆస్తేనని మనకు అప్పుడు తెలిసింది. మనవాళ్లకు ఆ ఆస్తి ఎన్నడూ లేదు.

ఎన్నడూ అన్నాం గనక వెనక్కి పోదాం. ఫణిగిరి గుట్ట మీద, నరసింహస్వామి గుడి దగ్గర, బండ మీద బ్రాహ్మీ లిపిలో ఒక ప్రాకృత శాసనం ఉంది. విష్ణుకుండినుల నాటిదని, క్రీ.శ. నాలుగైదు శతాబ్దాలదని పరిశోధకుల మాట. గోవిందరాజ విహారం పేరు, అక్కడి భిక్షువుల కోసం భదంత సంఘదేవుడు రాతి నివాసం కట్టించిన సంగతి అందులో ఉన్నాయి. నగరంలో దొరికిన శాసనాల్లో అతి పాతదిగా దీన్ని చెబుతారు. దానం చేసిన సంగతి బండ మీద చెక్కడానికి అర్హమైంది. మరి అప్పు సంగతి? అదీ విహారంలో వినిపించేదే, కాకపోతే వేరే తీరుగా. భిక్షువు కావడానికి వచ్చినవాణ్ణి సంఘం ముందు నిలబెట్టి కొన్ని ప్రశ్నలు అడగాలని వినయపిటకం చెబుతుంది. జబ్బులున్నాయా, నువ్వు స్వతంత్రుడివేనా, అప్పులు లేవు గదా, రాజుగారి కొలువులో లేవు గదా, తల్లిదండ్రులు ఒప్పుకున్నారా? అప్పులోళ్ల నుంచి పారిపోయి వచ్చి చీవరం కట్టుకున్నవాణ్ణి చూసి జనం గొణిగారని, దాంతో అప్పున్నవాణ్ణి చేర్చుకోవద్దని బుద్ధుడు నియమం పెట్టాడని ఆ గ్రంథమే చెబుతుంది. బానిస విషయంలోనూ అంతే.

ఇది మనం దాచుకోవలసిన సంగతి కాదు. సంఘం తలుపులు అందరికీ తెరిచే ఉన్నాయని మన సభల్లో తరచూ అంటుంటాం. కులం వరకు అది నిజం. మంగలి ఉపాలి వచ్చాడు, పాకీపని చేసే సునీతుడు వచ్చాడు. అప్పు దగ్గర మాత్రం తలుపు మూసే ఉంది. అనాథపిండికుడికి గృహస్థు సుఖాలు చెబుతూ అప్పు లేకపోవడాన్ని బుద్ధుడు ఒక సుఖంగా లెక్కపెట్టాడు. ఆ సుఖం ఎవరికి దొరుకుతుందన్నది పంట చేతికొచ్చినవాడికీ, పొలం పనికి పోయినవాడికీ ఒకటే ప్రశ్న కాదు.

పొలం పనికి పోయినవాడి సంగతి నిజాం తెలంగాణలో భగేలా అనే మాటలో ఉంది. పెళ్లికో, చావుకో, కరువులో గింజలకో దొర దగ్గర పైసలు తెచ్చుకుంటే అది తీరేదాకా జీతం ఉండాలి. తండ్రి పోతే కొడుకు ఉండాలి. మాల మాదిగ వాడల్లో ఫలానా దొర దగ్గర జీతం ఉన్నడు అనడమే మనిషికి చిరునామా. అంటే అతని అప్పు ఊరంతటికీ తెలుసు. తెలియనిది ఒకటే, అసలు ఎంత, మిత్తి ఎంత, తీరింది ఎంత అన్నది. ఆ పద్దు దొర సందుగలో ఉండేది. 1936లో నిజాం ప్రభుత్వం భగేలా ఒప్పందాల మీద చట్టం చేసి ఒప్పందం కాగితం మీద ఉండాలంది. మంచిదే. అయితే ఆ కాగితం రాసేది దొర మనిషి, చదివి వినిపించేది దొర మనిషి, వేలిముద్ర మాత్రం మనది.

అంబేడ్కర్ జీవితంలోనూ ఇట్లాంటి కాగితం ఒకటి ఉంది. బరోడా సంస్థానం ఖర్చుతో అమెరికాలో చదివాడు గనక తిరిగొచ్చి పదేళ్లు అక్కడ కొలువు చేస్తానని ఒప్పుకున్నాడు. 1917లో మాట ప్రకారం వెళ్లాడు. తల దాచుకోవడానికి గది ఇచ్చినవాడు లేడు. పార్శీల సత్రంలో ఉంటే కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. బాకీ తీర్చడానికి వెళ్లినవాణ్ణి తీర్చనీయకపోవడం కులం చేసిన పని. ఆయన ఆ సంగతిని తానే రాసిపెట్టాడు. ఆరేళ్లకు, 1923లో, ఆయన రూపాయి సమస్య మీద పుస్తకం అచ్చువేయించాడు. అంటరానివాడు తన అప్పు సంగతి మాత్రమే చెప్పాలి, దేశం డబ్బు సంగతి ఇంకెవరో చెబుతారు అన్న ఏర్పాటును తలకిందులు చేయడం అది.

చట్టం ఆ దారిలో ఒక అడుగు వేసింది. 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వెట్టి బాకీలను రద్దు చేసింది. అందులో పదిహేనో సెక్షన్‌ను మన కార్యకర్తలు కంఠతా పట్టాల్సింది. ఇది వెట్టి బాకీ అని కూలివాడు అంటే, కాదని రుజువు చేసే బాధ్యత అప్పిచ్చినవాడిది. మొదటిసారి నోరు విప్పాల్సిన వంతు దొరదయింది. ఆఫీసర్లు ఆ సెక్షన్‌ను ఎంత వాడారన్నది వేరే సంగతి. విడుదల సర్టిఫికెట్ కావాలంటే కూలివాణ్ణే సాక్ష్యం తెమ్మనడం మన జిల్లాల్లో పనిచేసినవాళ్లందరూ చూసిందే.

రెండో అడుగు ఆడవాళ్లు వేశారు, చట్టం లేకుండానే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడిలో చదువుకుంటున్న ఆడవాళ్లు కూర్చుని, కూలి డబ్బులు ఎక్కడికి పోతున్నాయని లెక్కేశారు. మొగుడి కూలి సారా దుకాణానికి, తన కూలి తిండికి. ఇంటి గుట్టు రచ్చకెక్కిందని మొగవాళ్లు గోలపెట్టారు. ఎక్కాల్సిందే గదా! ప్రతి ఇంట్లోనూ అదే లెక్క అని తేలాక, అది ఒక ఇంటి తప్పు కాదని, ఆ డబ్బంతా చేరే చోటు ఒకటుందని అర్థమైంది. ఆ చోటు సారా కాంట్రాక్టరు, అతని వెనక వారుణివాహిని పేరుతో ప్యాకెట్లు పంపిన సర్కారు. అందుకే వాళ్లు మొగుళ్లతో తగాదా దగ్గర ఆగలేదు, కలెక్టరాఫీసుకు పోయి సారా వేలం పాటను ఆపారు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరులో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ ఆడవాళ్లలో దళితులు ముందు వరసలో ఉన్నారు. తమ లెక్క తామే విప్పి, ఆ లెక్కతోనే అవతలివాడి లెక్క అడగడం జరిగింది ఇక్కడ.

ఆ వెంటనే జరిగింది కూడా చెప్పాలి. సారా నుంచి మిగిలిన డబ్బును రోజుకో రూపాయి చొప్పున దాచే పొదుపులక్ష్మి అదే జిల్లాలో మొదలైంది. అప్పటికే ఉన్న డ్వాక్రా గ్రూపులు ఊరూరా పెరిగాయి, బ్యాంకులు గ్రూపులకు అప్పులిచ్చాయి, 2004లో పావలా వడ్డీ వచ్చింది. వీటిని కొట్టిపారేయడం మా ఉద్దేశం కాదు. మాలవాడ ఆడమనిషి బ్యాంకు మెట్లెక్కి కుర్చీలో కూర్చోవడం చిన్న విషయం కాదు. కానీ లెక్క మాట్లాడే సమావేశం అట్లాగే ఉండి, అందులో అడిగే ప్రశ్న మారిపోయింది. మన డబ్బు ఎవరు తింటున్నారు అన్నది పోయి, ఈ వారం ఎవరు కట్టలేదు అన్నది మిగిలింది.

మైక్రోఫైనాన్స్ కంపెనీలకు కావలసింది సరిగ్గా ఆ ప్రశ్నే. బంగ్లాదేశ్ నమూనాలో అయిదుగురు ఒకరికొకరు పూచీ. వారం వారం అందరి ముందు డబ్బు లెక్కపెట్టి ఇవ్వాలి. ఒకరు కట్టకపోతే మిగిలినవాళ్లు కట్టాలి. దీన్ని పారదర్శకత అన్నారు. ఎవరికి పారదర్శకం? ఎల్లమ్మ కట్టలేదని వాడంతా తెలుస్తుంది. ఎల్లమ్మ కడుతున్న వడ్డీ ఏడాదికి నూటికి ఎంత పడుతుందో ఎల్లమ్మకే తెలియదు. పక్కింటావిడనే వసూలుదారుగా మార్చారు. ఒకరి కష్టం ఒకరికి చెప్పుకునే చోటు ఒకరి మీద ఒకరు నిఘా వేసే చోటయింది. 2006లో కృష్ణా జిల్లాలో యాభై దాకా శాఖలను అధికారులు మూయించారు, తర్వాత మళ్లీ తెరిచారు. 2010 ఆగస్టులో హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఎస్‌.కె.ఎస్‌. షేర్లు అమ్మి సుమారు 1,650 కోట్లు సేకరించింది. అదే ఏడాది ఆడవాళ్ల ఆత్మహత్యల వార్తలు వరసగా వచ్చాయి.

2010 అక్టోబరు ఆర్డినెన్సు, 2011 చట్టం ఆ నేపథ్యంలో వచ్చాయి. కంపెనీ తన వడ్డీ రేటును ఆఫీసులో అందరికీ కనబడేట్టు రాసిపెట్టాలి. అసలుకు మించి వడ్డీ వసూలు చేయకూడదు. ఇంటి మీదికి పోకూడదు, నెలకోసారే వసూలు చేయాలి. వడ్డీ రేటు గోడ మీద రాయించడం ఇన్నేళ్లలో పేదలకు దక్కిన అరుదైన విషయం. వసూళ్లు ఆగిపోయాయని కంపెనీలు, పేదల అప్పు సంస్కృతి చెడిపోయిందని ఇంగ్లీషు పత్రికలు ఏడ్చాయి. అప్పు ఇచ్చేవాడి సంస్కృతి గురించి ఎవరూ రాసినట్టు లేదు. 2022లో సుప్రీంకోర్టు రిజర్వు బ్యాంకు అదుపులోని ఫైనాన్స్ కంపెనీలకు రాష్ట్రాల వడ్డీవ్యాపార చట్టాలు వర్తించవంది. ఆ బాటలోనే 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు ఈ చట్టం వాటికి వర్తించదని తీర్పిచ్చింది.

ఈలోపు అప్పు ఫోన్లోకి వచ్చేసింది. 2020 లాక్‌డౌన్ తర్వాత యాప్ లోన్లు తీసుకున్న కుర్రవాళ్లు ఆత్మహత్యలు చేసుకోవడం, డిసెంబరులో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేయడం మనకు గుర్తే. యాప్ ముందు ఫోన్లోని నంబర్లన్నీ తీసుకుంటుంది. కిస్తీ తప్పితే మేనమామకు, క్లాస్‌మేటుకు, పనిచేసే చోట సారుకు ఇతను దొంగ అని మెసేజీ పోతుంది. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి హాస్టళ్లలో ఉండి కోచింగ్ తీసుకునే మన పిల్లలకు ఈ భయం కొత్తగా చెప్పనక్కరలేదు. వెనకట దొర ఒక్క ఊరికే చెప్పగలిగేవాడు. అప్పిచ్చింది ఎవరో, ఎక్కడుంటాడో మాత్రం బాకీదారుకు తెలియదు.

చివరగా చిట్టీ గురించి. ఈ రోడ్డు పొడుగునా ఉన్న బస్తీల్లో, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, పండ్ల బండ్లవాళ్లు, అడ్డా కూలీలు ఇరవైమంది కలిసి నెలనెలా చిట్టీ వేసుకుంటారు. పాట అందరి ముందే జరుగుతుంది. పాడినామె తనకు డబ్బు ఎందుకు కావాలో చెబుతుంది. ఆడపిల్ల ఫీజని, ఊళ్లో అమ్మకు ఆపరేషనని. విని, ఈసారి ఆమెకు వదిలేద్దాం లెమ్మనడమూ ఉంటుంది. నోటుబుక్కు అడిగితే ఎవరైనా చూడొచ్చు, చదువు రాకపోతే పిల్లలతో చదివించుకోవచ్చు. చిట్టీ ఎత్తుకుని రాత్రికి రాత్రి పోయినవాళ్లు లేరని మేము అనడం లేదు, చాలామందే ఉన్నారు. అయితే అప్పిచ్చేదీ తీసుకునేదీ ఒకే మనుషులై, రెండు వైపుల లెక్కా అందరికీ కనబడే చోటు ఈ నగరంలో మాకు ఇదొక్కటే కనబడింది. 1982 చిట్‌ఫండ్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా దాన్ని నడపడం నేరం. మోసపోయి పోలీస్ స్టేషన్‌కు పోయినామెను ముందుగా అడిగేది ఎంత పోయిందని కాదు, నీ చిట్టీకి కాగితముందా అని.