స్విట్జర్లాండ్‌లో వేసవి యాత్రలు: చరిత్ర

ఆల్ప్స్ పర్వతాల దేశమైన స్విట్జర్లాండ్‌కు జూన్ నుంచి సెప్టెంబరు దాకా సాగే విహారయాత్రల చరిత్ర ఇది. మంచు మీద జారే ఆటలతో ఆ దేశానికి ఇప్పుడు ఎంత పేరున్నా, అక్కడి పర్యాటకం పుట్టింది వేసవిలో. వందేళ్లకు పైగా బతికింది కూడా వేసవి మీదే. 1860ల వరకు కొండ ఊళ్లలోని హోటళ్లు చలి మొదలవగానే తలుపులు మూసుకునేవి. కొండలెక్కే రైళ్లు, దారి చెప్పే పుస్తకాలు, ముందే డబ్బు కట్టి గుంపుగా వెళ్లే యాత్రలు, హోటల్ పని నేర్పే బడి ఇక్కడ వేళ్లూనుకున్నది ఈ వేసవి యాత్రికుల కోసమే.

భయం పోయిన కాలం

18వ శతాబ్దం వరకు ఆల్ప్స్ దాటేవాళ్లలో ఎక్కువమంది వర్తకులు, సైనికులు, రోముకు వెళ్లే భక్తులు. కనుమ దాటడం వాళ్లకు తప్పని కష్టమే గాని వేడుక కాదు. కొండవాసులకైతే వేసవి అంటే పశువులను పైనున్న మేతలకు తోలుకెళ్లి, పాలు పితికి చీజ్ చేసుకునే మూడు నెలలు. ఆ మేతలకు పైనున్న రాయీ మంచూ వాళ్ల దృష్టిలో ఎందుకూ కొరగానివి. పశువులను పైకి తోలే ఈ ఆచారం ఇప్పటికీ సాగుతోంది. 2023లో యునెస్కో దాన్ని అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

ఆ పనికిరాని రాళ్లకు విలువ కట్టింది ముందుగా రచయితలు, శాస్త్రజ్ఞులు. బెర్న్ నగరానికి చెందిన వైద్యుడు, వృక్షశాస్త్రవేత్త ఆల్బ్రెక్ట్ ఫాన్ హాలర్ 1728లో మొక్కలు సేకరిస్తూ కొండల్లో తిరిగాడు. ఆ తిరుగుడు మీద ఆయన రాసిన ‘ఆల్ప్స్’ అనే దీర్ఘకవిత 1732లో అచ్చయింది. కొండవాసుల బీదరికాన్ని అందులో నిర్మలమైన జీవితంగా కీర్తించాడు. 1761లో రూసో ‘జూలీ’ నవల వచ్చింది. ఆ కథ జరిగిన జెనీవా సరస్సు ఒడ్డు పల్లె క్లారెన్స్‌కు పాఠకులు బారులు తీరి, లేని ప్రేమికుల ఆనవాళ్లు వెతుక్కున్నారు. సినిమా తీసిన చోటు చూడటానికి వెళ్లే నేటి అలవాటుకు ఇదే తొలి రూపం అనాలి. జెనీవాకు చెందిన మరో శాస్త్రవేత్త సొస్యూర్, మో బ్లా శిఖరానికి దారి కనిపెట్టినవారికి బహుమతి ఇస్తానని 1760లో ప్రకటించాడు. అది దక్కడానికి 26 ఏళ్లు పట్టింది. 1786లో బాల్మా, పకార్ శిఖరం చేరారు. మరుసటి ఏడాది సొస్యూరే ఎక్కాడు. ఆ శిఖరం నేటి స్విట్జర్లాండ్ సరిహద్దుకు బయటే ఉన్నా, చాలాకాలం పాటు స్విస్ యాత్రలో అది తప్పనిసరి మజిలీ.

బెర్న్‌కు దక్షిణాన ఉన్న ఎగువ ప్రాంతం, అంటే లౌటర్‌బ్రునెన్ లోయ, ఇంటర్‌లాకెన్ పరిసరాలు, తొలినుంచీ యాత్రికులకు ముఖ్యం. దాదాపు 300 మీటర్ల ఎత్తునుంచి రాలే స్టౌబాఖ్ జలపాతాన్ని 1779లో జర్మన్ కవి గేథె చూసి కవిత రాశాడు. 1805లో, మళ్లీ 1808లో ఇంటర్‌లాకెన్ దగ్గరి ఉన్‌స్పున్నెన్‌లో గొర్రెల కాపరుల ఉత్సవాలు జరిపారు. బెర్న్ పట్నపు పెద్దలకూ పల్లెలకూ మధ్య పెరిగిన వైరాన్ని చల్లార్చడం నిర్వాహకుల ఉద్దేశం. అది పెద్దగా నెరవేరలేదు. కుస్తీ పట్లు, రాయి విసరడం, పొడవాటి కొయ్య బూరలు చూసి మురిసిపోయింది మాత్రం విదేశీ అతిథులు. 1808 ఉత్సవానికి ఫ్రెంచ్ రచయిత్రి మదామ్ ద స్టాల్, చిత్రకారిణి విజే ల బ్రన్ వచ్చారు. ఇప్పటికీ స్విస్ జానపదం పేరిట యాత్రికులకు చూపే వేడుకల్లో చాలావాటికి మూలం అక్కడే.

1816 వేసవిది వేరే కథ. అంతకు ముందటి ఏడాది ఇండోనేసియాలోని తంబోరా అగ్నిపర్వతం బద్దలై లేచిన ధూళి ఐరోపాకు ఎండ లేకుండా చేసింది. వానకు జెనీవా దగ్గరి ఇంట్లో చిక్కుకుపోయిన ఆంగ్ల కవి బైరన్ మిత్రబృందం దయ్యాల కథలు చెప్పుకుంది. మేరీ షెల్లీ ‘ఫ్రాంకెన్‌స్టైన్’ అక్కడే మొదలైంది. సాహిత్య చరిత్రలన్నీ ఈ ముచ్చట చెబుతాయి. అదే వానకు పంటలు పోయి తూర్పు స్విట్జర్లాండ్‌లో కరువు వచ్చిందనీ, జనం ఆకలితో చచ్చారనీ అంతగా చెప్పవు. యాత్రికుల స్విట్జర్లాండ్, స్విస్ రైతుల స్విట్జర్లాండ్ పక్కపక్కనే ఉంటూ ఒకదాన్నొకటి చూడకపోవడం ఈ చరిత్ర పొడవునా కనిపిస్తుంది.

రిగి మీద సూర్యోదయం

లూసర్న్ సరస్సు పక్కన ఉన్న రిగి కొండ ఎత్తు 1,798 మీటర్లే. ఆల్ప్స్ లెక్కలో అది చిన్న గుట్ట. అయినా 19వ శతాబ్దపు వేసవి యాత్ర ఎలా ఉండేదో తెలియాలంటే దీన్ని చూస్తే చాలు. 1816లో కొండకొన మీద తొలి బస వెలిసింది. సాయంత్రానికి పైకి చేరడం, రాత్రి పడుకోవడం, తెల్లవారుజామున కొయ్య బూర మోతకు లేచి సూర్యోదయం చూడటం, ఇదీ క్రమం. నడవలేనివాళ్లను కింది ఊళ్ల జనం గుర్రాల మీద, కుర్చీ పల్లకీల్లో మోసుకెళ్లేవారు. 1868లో విక్టోరియా రాణి లూసర్న్‌లో వేసవి గడిపినప్పుడు ఆమె కూడా పొట్టి గుర్రం మీదే రిగి ఎక్కింది.

1871 మే 21న ఫిట్స్‌నౌ నుంచి రిగి మీదకు రైలు కదిలింది. ఇంజినీరు నిక్లౌస్ రిగెన్‌బాఖ్ పట్టాల నడుమ నిచ్చెనలాంటి ఇనుప వరుస వేసి, ఇంజను కింది పళ్లచక్రం దాన్ని పట్టుకుని ఎక్కేలా చేశాడు. ఐరోపాలో కొండ ఎక్కిన మొదటి రైలు ఇదే. మోతగాళ్ల బతుకుతెరువు పోయింది. బదులుగా జేబులో కాస్త డబ్బున్న ఎవరైనా, ముసలివాళ్లు, పసిపిల్లల తల్లులు కూడా, శిఖరం చూడగలిగారు. ఈ చరిత్రలో ఏ శిఖరారోహణ కన్నా ఈ రైలే పెద్ద మలుపు. మార్క్ ట్వేన్ 1880లో అచ్చయిన యాత్రా గ్రంథంలో రిగిని ఆటపట్టించాడు. పొద్దువాలేదాకా నిద్రపోయి, లేచాక అస్తమిస్తున్న సూర్యుడినే ఉదయిస్తున్నాడనుకుని చూశానన్నాడు. దారిలో ఎదురైన మొదటి పాటగాడికి పాడమని డబ్బిచ్చి, తర్వాతివాళ్లకు పాడొద్దని ఇచ్చానని కూడా రాశాడు. జనం ఎక్కువైపోయారన్న ఫిర్యాదు అప్పటికే పాతది.

కుక్ గారి గుంపు

ఆవిరి ఓడలు 1823లో జెనీవా సరస్సు మీదకు, 1837లో లూసర్న్ సరస్సు మీదకు వచ్చాయి. 1838లో ఇంగ్లీషులో మర్రే, 1844లో జర్మన్‌లో బేడెకర్ అనే ప్రచురణకర్తలు స్విస్ మార్గదర్శక పుస్తకాలు వేశారు. దారి, అద్దె, హోటల్ అన్నీ అందులోనే దొరికేసరికి మనిషిని తోడు తీసుకెళ్లే అవసరం తగ్గింది. 1863 జూన్‌లో యాత్రల నిర్వాహకుడు థామస్ కుక్ లండన్ నుంచి తన తొలి స్విస్ బృందాన్ని బయలుదేరదీశాడు. దొరబిడ్డలు ఏళ్ల తరబడి చేసిన ఐరోపా యాత్రను ఇప్పుడు గుమాస్తాలు, వ్యాపారస్థుల కుటుంబాలు మూడు వారాల్లో ముగించాయి. ఆ బృందంలోని జెమైమా మోరెల్ అనే యార్క్‌షైర్ యువతి రాసుకున్న దినచర్య రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడ్డ లండన్ శిథిలాల్లో ఒక రేకు పెట్టెలో దొరికింది. తొలి యాత్రకు సరిగ్గా వందేళ్లకు, 1963లో అది పుస్తకమైంది. తెల్లవారకముందే లేవడం, కంచరగాడిదల మీద ప్రయాణం, గంజిపెట్టిన లంగాలతో హిమానీనదం మీద నడక అందులో కనిపిస్తాయి. ఆమెకు అలసట కన్నా నవ్వే ఎక్కువ వచ్చినట్టుంది.

అదే 1863లో స్విస్ ఆల్పైన్ క్లబ్ ఏర్పడింది. ఇంగ్లండ్‌వాళ్ల ఆల్పైన్ క్లబ్ అప్పటికే ఆరేళ్ల పాతది. తమ కొండల మీద తమకన్నా ముందు పరాయివాళ్లు జెండాలు పాతుతున్నారన్న పౌరుషం స్విస్ క్లబ్ పుట్టుకలో కొంత ఉంది. 1865 జులై 14న ఎడ్వర్డ్ వింపర్ బృందం 4,478 మీటర్ల మాటర్‌హార్న్ ఎక్కింది. ఏడుగురు పైకి చేరారు. దిగేటప్పుడు తాడు తెగి నలుగురు పడిపోయారు. బతికి బయటపడ్డవాళ్లు వింపర్, జెర్మట్‌కు చెందిన టౌగ్‌వాల్డర్ తండ్రీకొడుకులు. ఇంగ్లండ్ పత్రికలు ఈ వెర్రి ఎందుకని దుమ్మెత్తిపోశాయి. జెర్మట్‌కు మాత్రం ఆ దుర్ఘటనతో వచ్చినంత పేరు మరి దేనితోనూ రాలేదు. 1871లో లూసీ వాకర్ ఆ శిఖరమెక్కిన తొలి మహిళ అయింది.

హోటల్ వ్యాపారం ఈ కాలంలోనే పెద్దదైంది. వాలే కొండల్లో రైతు కుటుంబంలో పుట్టిన సెజార్ రిట్జ్ రిగి, లూసర్న్ హోటళ్లలో పని చేసి, తర్వాత పారిస్‌లో తన పేరుతోనే హోటల్ తెరిచాడు. 1893లో లొజాన్‌లో ప్రపంచంలోనే తొలి హోటల్ విద్యాలయం మొదలైంది. ఇంటర్‌లాకెన్‌లో దూరదృష్టి ఉన్న పని ఒకటి జరిగింది. యుంగ్‌ఫ్రౌ శిఖరానికి ఎదురుగా ఉన్న హోహెమాట్ పచ్చిక బయలును 1864లో హోటల్ యజమానులు, మరికొందరు కలిసి కొని, దాని మీద ఎన్నటికీ కట్టడం లేవకుండా కట్టుబాటు చేసుకున్నారు. పట్నం నడిమధ్య అది నేటికీ ఖాళీగానే ఉంది.

సొరంగాలు, సంతకాలు

1882లో 15 కిలోమీటర్ల గొట్టార్డ్ రైలు సొరంగం తెరుచుకుని ఉత్తర, దక్షిణ ఐరోపాలను కలిపింది. 1889లో పిలాటుస్, 1898లో గోర్నర్‌గ్రాట్ కొండ రైళ్లు వచ్చాయి. వీటన్నిటినీ మించింది పారిశ్రామికవేత్త అడోల్ఫ్ గుయెర్-జెల్లర్ ఆలోచన. ఐగర్, మోన్ష్ శిఖరాల కడుపులో ఏడు కిలోమీటర్లకు పైగా తొలిచి రైలు వేయాలన్నాడు. 1896లో పని మొదలైంది. 1899లో ఆయన పోయాడు. తవ్విన కూలీల్లో ఎక్కువమంది ఇటలీవాళ్లు. పేలుళ్లలో, ప్రమాదాల్లో కొందరు ప్రాణాలు కోల్పోయారు. 1912 ఆగస్టు 1న, స్విస్ జాతీయ దినాన, 3,454 మీటర్ల ఎత్తున యుంగ్‌ఫ్రౌయోఖ్ స్టేషన్ ప్రారంభమైంది.

మాటర్‌హార్న్ కొన మీదకూ రైలు వేస్తామని ఒక పథకం లేచినప్పుడు మాత్రం జనం వద్దన్నారు. 1905లో పుట్టిన స్వదేశ పరిరక్షణ సంఘం దాదాపు 70 వేల సంతకాలు సేకరించింది, పథకం అటకెక్కింది. 1914లో ఎంగడీన్ ప్రాంతంలో జాతీయ వనం ఏర్పడటం కూడా ఆ ఊపులోదే.

మొదటి ప్రపంచ యుద్ధం హోటళ్లను ఒక్క వేసవిలో ఖాళీ చేసింది. కొత్త హోటళ్లు కట్టకుండా 1915లో ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది. విదేశీయులు రాకపోవడంతో స్విస్ ప్రజల వైపు చూడక తప్పలేదు. పసుపుపచ్చ పోస్టు బస్సులు కనుమల మీదకు ఎక్కాయి. 1935లో మిగ్రో దుకాణాల స్థాపకుడు గోట్లీబ్ డుట్‌వైలర్ ఖాళీ హోటళ్లను సామాన్యులతో నింపడానికి హోటెల్‌ప్లాన్ పెట్టాడు. 1939లో కార్మిక సంఘాలు, యజమానులు కలిసి శ్రామిక కుటుంబాల సెలవుల కోసం రెకా అనే పొదుపు నిధి నెలకొల్పారు. కార్లతో నిండిన రోడ్లకు దూరంగా నడిచే దారులు గుర్తించి పసుపు పలకలు నాటే ఉద్యమం 1934లో ఒక బడిపంతులు చొరవతో మొదలైంది. 1979లో ప్రజలు ఓటు వేసి కాలిబాటలను రాజ్యాంగంలోకే ఎక్కించారు. నేడు అలాంటి దారుల నిడివి దాదాపు 65,000 కిలోమీటర్లు. రైలు ఘనతల గురించి చెప్పినంతగా ఎవరూ దీని గురించి చెప్పరు గాని, సామాన్యుడికి ఇంతకన్నా మేలు చేసిన కట్టడం ఆ దేశంలో మరొకటి లేదు.

భారతీయులు, తెలుగువారు

హిందీ చిత్రం ‘సంగమ్’ 1964లోనే స్విస్ కొండలను చూపించింది. 1989 తర్వాత కశ్మీర్‌లో చిత్రీకరణ కష్టమయ్యాక నిర్మాతలు ఇటు తిరిగారు. ‘చాందినీ’, ‘దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే’ చిత్రాలతో యశ్ చోప్రా సంస్థ ఈ లోయలను భారతీయుల ఇళ్లలోకి తెచ్చింది. తెలుగు సినిమా పాటలూ వెంట నడిచాయి. చోప్రాకు ఇంటర్‌లాకెన్‌లో 2016లో విగ్రహం పెట్టారు. భారతీయుల రద్దీ మే, జూన్ నెలల్లో ఉంటుంది, అంటే ఐరోపావాళ్లు రాకముందే. ఆ ఖాళీ వారాలు నిండటం హోటళ్లకు వరమైంది.

అయితే తెలుగు నేలకూ ఈ కొండలకూ ఉన్న లంకె సినిమాకన్నా ముందటిది. మదనపల్లెలో పుట్టిన తత్త్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి 1961 నుంచి 1985 దాకా ఏటా వేసవిలో గ్స్టాడ్ పక్కనున్న సానెన్ గ్రామంలో ప్రసంగించారు. వినడానికి పలు దేశాల నుంచి వచ్చినవాళ్లు అక్కడే గుడారాల్లో, అద్దె ఇళ్లలో వారాల తరబడి ఉండేవారు. మచిలీపట్నంలో పుట్టిన యు.జి. కృష్ణమూర్తి కూడా ఏళ్ల తరబడి అదే లోయలో వేసవులు గడిపారు. ‘దిల్‌వాలే’లోని కొన్ని దృశ్యాలు తీసింది కూడా ఆ సానెన్‌లోనే.

కరుగుతున్న ఆకర్షణ

ఫుర్కా కనుమ మీది బెల్వెదేర్ హోటల్ రోన్ హిమానీనదం అంచున కట్టినది. మంచు వెనక్కి తగ్గిపోయి, 2015లో హోటల్ మూతపడింది. 19వ శతాబ్దం నుంచి యాత్రికుల కోసం తొలుస్తున్న మంచు గుహ కరగకుండా వేసవిలో తెల్ల దుప్పట్లు కప్పేవారు. 2022, 2023 రెండేళ్లలోనే స్విస్ హిమానీనదాల మంచులో పదో వంతు పోయింది. 2025 మే 28న లోట్షెన్ లోయలోని బ్లాటెన్ గ్రామాన్ని విరిగిపడ్డ హిమానీనదం, రాళ్లు కప్పేశాయి. ముందే ఊరు ఖాళీ చేయించడంతో ప్రాణనష్టం చాలావరకు తప్పింది. మరోవైపు దక్షిణ ఐరోపా ఎండలు భరించలేనివారు చల్లదనం కోసం ఇటు వస్తున్నారు. రద్దీ మీద అసహనమూ పెరిగింది. కొరియా ధారావాహికలో కనిపించిన ఇజెల్ట్‌వాల్డ్ పడవల రేవు మీద నిలబడటానికి 2023 నుంచి 5 ఫ్రాంకులు వసూలు చేస్తున్నారు.

ఇక తెలుగు నేల నుంచి వెళ్లాలనుకునేవారికి ఒక మాట. ఆంధ్ర, తెలంగాణ బడులకు సెలవులు ఏప్రిల్ చివర మొదలై జూన్ రెండో వారానికి ముగుస్తాయి. ఫుర్కా, గ్రిమ్సెల్, సుస్టెన్ కనుమల రోడ్లు సాధారణంగా మే చివర, జూన్‌లో గాని తెరుచుకోవు. ఎత్తైన కాలిబాటల మీద మంచు అంతకన్నా ఆలస్యంగా కరుగుతుంది. కాబట్టి మే నెలలో వెళ్లేవారు రైళ్లు, సరస్సులు చూసే ఏర్పాటు చేసుకోవాలి. కొండల్లో నడవాలనుకునేవారు జులై నుంచి సెప్టెంబరు మధ్య వెళ్లడం మేలు.