వెస్లీ క్లాసుల నుండి కెస్విక్ సభల వరకు: పరిశుద్ధతను వెంటాడిన మార్గాలపై ఒక చారిత్రక పరిశీలన

పరిశుద్ధతను గూర్చి ప్రసంగించేటప్పుడు మనం తరచుగా తెరిచే వచనం హెబ్రీ 12:14. అక్కడ గ్రీకులో ఉన్న క్రియాపదం 'దియోకెతె'. వేటగాడు వేటను తరిమినట్లు వెంటాడుట అని దాని భావం. అది బహువచనమని గ్రీకు చదివిన విద్యార్థులకు తెలుసు. తరువాతి వచనమైతే, దేవుని కృపకు ఎవరును వెనుకబడిపోకుండా ఒకరినొకరు కనిపెట్టి చూచుకొనవలెనని అదే వాక్యాన్ని కొనసాగిస్తున్నది. అయినను వ్యక్తిగత పరిశుద్ధత అనగానే మన మనస్సుకు తోచేది తలుపు వేసుకొని ఒంటరిగా మోకరించిన విశ్వాసి. ఆ చిత్రం తప్పు కాదు, ప్రభువే రహస్య ప్రార్థనను నేర్పించారు. కాని అది సగం చిత్రమే. మిగిలిన సగాన్ని సంఘం ఒకప్పుడు ఎలా కనుగొన్నదో, తరువాత ఎలా జారవిడుచుకున్నదో ఈ వ్యాసంలో పరిశీలించ గోరుచున్నాము.

జాన్ వెస్లీ (1703-1791) చిన్ననాటి నుండి క్రమశిక్షణలో పెరిగినవారు. 1725లో జెరెమీ టేలర్ రచనలను, థామస్ ఎ కెంపిస్‌ను చదివిన తరువాత తన జీవితమంతటిని దేవునికి అంకితం చేయ నిశ్చయించుకున్నారు. 1729లో తమ్ముడు చార్లెస్ ఆక్స్‌ఫర్డులో కొద్దిమంది విద్యార్థులతో ఆరంభించిన గుంపుకు ఆయన నాయకుడయ్యారు. తోటివారు ఎగతాళిగా వారిని 'హోలీ క్లబ్' అన్నారు, 'మెథడిస్టులు' అని కూడా అన్నారు. బుధ శుక్రవారాలలో ఉపవాసం, గ్రీకు నూతన నిబంధన పఠనం, తరచుగా ప్రభు సంస్కారం వారి నియమాలు. 1730 నుండి ఆక్స్‌ఫర్డు చెరసాలలలోని ఖైదీలను దర్శించుట కూడా వాటితో చేరింది. వెస్లీ తన దినచర్య పుస్తకంలో గంట గంటకు తన భక్తి స్థితిని పరీక్షించుకొని, 1 నుండి 9 వరకు అంకెలతో దానిని కొలుచుకునేంత దూరం వెళ్లారు. మార్కులు వేసేది తానే, వేయించుకునేది తానే. ఆ పుస్తకం ఆయనకు నెమ్మది ఇవ్వలేదు. 1735లో జార్జియాకు మిషనరీగా వెళ్లారు, 1738 ఆరంభంలో విఫలుడై తిరిగి వచ్చారు. ఆ సంవత్సరం మే 24న లండనులోని ఆల్డర్స్‌గేట్ వీధిలో, రోమా పత్రికకు లూథర్ వ్రాసిన పీఠికను ఒకరు చదువుచుండగా, క్రీస్తునందు మాత్రమే నమ్మిక ఉంచుట అంటే ఏమిటో ఆయన హృదయానికి తెలిసింది.

మన ప్రసంగాలలో ఈ కథ సాధారణంగా ఇక్కడితో ముగుస్తుంది. ఆల్డర్స్‌గేట్ తరువాత ఆయన ఏమి చేశారో చెప్పేవారు అరుదు. అదే సంవత్సరం డిసెంబరు 25న ఆయన 'బ్యాండు'లు అనే చిన్న గుంపులకు నియమాలు వ్రాశారు. మొరావియనుల వద్ద చూచిన పద్ధతిని అనుసరించి, యాకోబు 5:16ను ఆధారం చేసుకొని ఏర్పరచినవి ఇవి. పురుషులు వేరుగా, స్త్రీలు వేరుగా, వివాహితులు వేరుగా, అవివాహితులు వేరుగా వారానికొకసారి కూడుకునేవారు. కూడిన ప్రతిసారి ప్రతివారిని అడుగవలసిన సంగతులు ఉండేవి: గత కూడిక తరువాత తెలిసి చేసిన పాపమేది, ఎదురైన శోధన ఏది, దాని నుండి ఎలా తప్పించబడ్డారు, పాపమో కాదో అని సందేహం కలిగించిన తలంపు గాని మాట గాని క్రియ గాని ఏది? నీతిమంతులుగా తీర్చబడుట విశ్వాసమూలముననే అని వెస్లీ నేర్చుకొని ఏడు నెలలే అయ్యింది. క్రియలమీది నమ్మకాన్ని ఆయన విడిచిపెట్టారు గాని పరీక్షను విడిచిపెట్టలేదు. పరీక్షించే చోటును మార్చారు. దినచర్య పుస్తకంలో ఉన్న ప్రశ్నలు ఇప్పుడు సహోదరుని నోట వినబడుచున్నవి.

క్లాసు కూటముల పుట్టుక ఇంకా విచిత్రమైనది. అవి వేదాంత చర్చలో పుట్టలేదు, అప్పులో పుట్టాయి. 1742 ఫిబ్రవరి 15న బ్రిస్టలులో మందిరపు అప్పు తీర్చే మార్గమేమని ఆలోచించుచుండగా, కెప్టెన్ ఫోయ్ అనే సభ్యుడు ఒక సూచన చేశారు. అప్పు తీరేవరకు ప్రతి సభ్యుడు వారానికి ఒక పెన్నీ ఇవ్వాలి. చాలామంది బీదలు, ఇవ్వలేరు అని ఒకరు అభ్యంతరం చెప్పారు. అలాగైతే అత్యంత బీదలైన పదకొండు మందిని నాకు అప్పగించండి, వారం వారం వారిని కలుసుకుంటాను, ఇవ్వలేనివారి పక్షంగా నేనే ఇస్తాను అని ఫోయ్ బదులిచ్చారు. ఇతరులు కూడా ఆ విధంగా ముందుకు వచ్చారు. చందా కోసం ఇల్లిల్లు తిరిగిన వీరికి సభలో కనబడనివి కనబడ్డాయి. ఒకడు ఇంట్లో భార్యతో జగడమాడుచుండగా కనబడ్డాడు, మరొకడు త్రాగి ఉండగా పట్టుబడ్డాడు. ఈ సంగతులు వెస్లీ చెవిని పడగానే, తాను ఎంతోకాలంగా వెదకుచున్నది ఇదేనని ఆయన గ్రహించారు.

మొదట ఇంటింటి దర్శనంగా ఉన్న ఈ పని త్వరలోనే పన్నెండు మంది ఒకచోట కూడుకొనే కూటముగా మారింది. కారణాలు చాలా ఆచరణాత్మకమైనవి. ఇల్లిల్లు తిరుగుటకు సమయం చాలలేదు. పనివారితో ఒంటరిగా మాట్లాడనిచ్చే యజమానులు కొద్దిమందే. సభ్యుల మధ్య అపార్థం కలిగితే ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చుండబెడితే తప్ప నిజం తేలదు. 1743లో వెస్లీ 'సాధారణ నియమములు' ప్రచురించారు. కీడు మానుట, శక్తికొలది మేలు చేయుట, దేవుడు నియమించిన కృపాసాధనాలను వాడుకొనుట అనేవి వాటి సారాంశం. మూడు నెలలకొకసారి సభ్యుల నడత విచారించి టికెట్టు ఇచ్చేవారు. టికెట్టు లేనివారు సొసైటీ కూడికలో చేరలేరు.

ఈ విచారణ ఎంత నిర్దిష్టంగా ఉండేదో 1743 మార్చి నెలలో న్యూకాసిలులో వెస్లీ నమోదు చేసిన లెక్క చూపుతుంది. 64 మందిని సొసైటీ నుండి తొలగించారు. త్రాగుడు కారణంగా 17 మంది, మద్యం అమ్మినందుకు ఇద్దరు, శాపనార్థాలకు ఒట్లకు ఇద్దరు, విశ్రాంతి దినాన్ని అలవాటుగా మీరినందుకు ఇద్దరు, జగడాలకు ముగ్గురు, అలవాటైన అబద్ధాలకు ముగ్గురు, ఇతరులను దూషించినందుకు నలుగురు, సోమరితనానికి ఒకరు, భార్యను కొట్టినందుకు ఒకరు. మిగిలిన 29 మంది చేసిన నేరం చులకనతనం, నిర్లక్ష్యం. ఈ చివరి అంకె మమ్మును చాలాసేపు ఆపింది. దాదాపు సగం మంది ఏ ఘోరమైన పాపమువలనను కాదు, ఆత్మీయ విషయాలను తేలికగా తీసుకొన్నందుకే వెలుపలికి పోయారు. ఇది కఠినమనిపిస్తుంది, కఠినమే. అయితే పరిశుద్ధత అనే మాట ఇక్కడ గాలిలో లేదు. అది సారా సీసా వద్దకు, పడకగది గొడవ వద్దకు వచ్చి నిలిచింది. భార్యను కొట్టుట సంఘ క్రమశిక్షణకు తగిన పాపమని 1743లోనే ఒక సొసైటీ తీర్మానించినదని మన పెద్దల కమిటీలు గమనించవలసియున్నది.

ఈ పద్ధతి లోపరహితమని మా భావం కాదు. 1762-63లో లండను సొసైటీలోనే సంపూర్ణ పరిశుద్ధత పొందితిమని కొందరు అతిశయించడం మొదలుపెట్టారు. జార్జి బెల్ అనే సభ్యుడు 1763 ఫిబ్రవరి 28న లోకాంతము వస్తుందని ప్రకటించాడు. నగరంలో కలవరం రేగింది. వెస్లీకి సహాయకుడుగా ఉన్న థామస్ మాక్స్‌ఫీల్డ్ ఆ పక్షానికి మద్దతుగా నిలిచి, చివరకు విడిపోయాడు. వెస్లీ ఈ విషయంలో ఆలస్యం చేశారనే మేము తలంచుచున్నాము. పరిశుద్ధతను గూర్చిన ఉత్సాహాన్ని ఆర్పివేయుదునేమో అన్న భయంతో ఆయన కొన్ని నెలలు వేచి చూచారు. 1766లో 'క్రైస్తవ సంపూర్ణత'ను గూర్చిన తన బోధను వివరిస్తూ గ్రంథం ప్రచురించినప్పటికిని, ఆ స్థితిని తాను చేరుకొన్నానని ఆయన ఎన్నడును బహిరంగంగా చెప్పుకొనలేదు.

వందేళ్లు గడిచేసరికి దృశ్యం మారిపోయింది. అమెరికాలో ఫీబీ పామర్ అనే మెథడిస్టు స్త్రీ న్యూయార్కులో మంగళవారపు కూడికల ద్వారా, 1843లో వెలువడిన 'పరిశుద్ధతా మార్గము' అనే పుస్తకం ద్వారా వేలమందిని ప్రభావితం చేశారు. తన్ను తాను బలిపీఠముపై ఉంచిన విశ్వాసి అదే క్షణంలో విశ్వాసంతో పరిశుద్ధతను పొందవచ్చునని ఆమె బోధ. 1867లో న్యూజెర్సీలోని వైన్‌లాండులో పరిశుద్ధత కోసమే జాతీయ క్యాంపు కూటాలు మొదలయ్యాయి. దానికి ముందటి సంవత్సరమే, 1866లో, అమెరికా దక్షిణ మెథడిస్టు సంఘం క్లాసుకు హాజరు కావాలన్న నిబంధనను తొలగించింది. ఈ రెండింటిలో ఒకటి మరొకదానికి కారణమని మేము చెప్పలేము. ఒకే తరంలో క్లాసు ఖాళీ అవుచుండగా మైదానం నిండుచుండెనని మాత్రం చెప్పగలము.

ఈ అల ఇంగ్లాండుకు రాబర్ట్ పియర్సాల్ స్మిత్, ఆయన భార్య హన్నా ద్వారా వచ్చింది. వారు ఫిలడెల్ఫియాకు చెందిన క్వేకరు నేపథ్యం గలవారు. ఆయన గాజు వ్యాపారి, అభిషిక్త బోధకుడు కాదు. 1874లో ఆక్స్‌ఫర్డులో, 1875 మే-జూన్ నెలలలో బ్రైటనులో జరిగిన సభలకు యూరపు దేశాల నుండి కూడా పాదిరులు వచ్చారు. పాపముతో ఎడతెగక పోరాడి ఓడిపోయిన విశ్వాసికి, పోరాటం మాని క్రీస్తును నమ్ముకొంటే జయజీవితం సాధ్యమని ఆయన బోధించారు. ఎందరో నిజంగా బలపడ్డారు, దానిని కాదనలేము. బ్రైటను సభలు ముగిసి కొన్ని వారాలు కాకముందే, ఒక యువతితో ఏకాంతంలో జరిగిన ఆత్మీయ సంభాషణను గూర్చి ఆయనపై అభియోగం వచ్చింది. ఆయనను ఆహ్వానించినవారే సేవ నుండి విరమించుకొనమన్నారు. కెస్విక్ గ్రామంలో అక్కడి వికారు హార్‌ఫర్డ్-బాటర్స్‌బీ, క్వేకరు మిత్రుడు రాబర్ట్ విల్సన్ కలిసి ఏర్పాటు చేసిన మొదటి సభలకు ఆయనే అధ్యక్షత వహించవలసియుండెను. ఆయన లేకుండానే 1875 వేసవిలో గుడారంలో ఆ సభలు జరిగాయి. అవే తరువాత లోకప్రసిద్ధమైన కెస్విక్ సభలు. స్మిత్ మునుపటి స్థానానికి మరల రాలేదు.

ఈ సంగతిని వింత కథగా చెప్పుకొనుట మాకు ఇష్టం లేదు. కాని ఒక ప్రశ్న తప్పదు. వేలమందికి పరిశుద్ధతను బోధించుచున్న ఈ మనుష్యుని, ఆ వారం నీకు ఎదురైన శోధన ఏది అని అడుగుటకు ఎవరున్నారు? ఆయన వేదికలపై ప్రయాణించుచుండెను. వేదిక చుట్టు మెచ్చుకొనేవారుంటారు, అడిగేవారుండరు. క్లాసులో ఉంటే పడిపోయేవాడు కాడని మేము అనుట లేదు, మాక్స్‌ఫీల్డ్ వెస్లీ ప్రక్కనే ఉండి దారి తప్పాడు. అయితే ఆ తప్పుదారిని చూచినవారు ఉన్నారు, పేరు పెట్టి దానిని ఎదిరించినవారు ఉన్నారు.

జె. సి. రైల్ 1877లో 'హోలినెస్' అనే పుస్తకాన్ని ప్రచురించి, 1879లో దానిని విస్తరించారు. పరిశుద్ధీకరణ విషయంలో కూడ కేవలం విశ్వాసమే చాలునన్న బోధ అర్ధసత్యమని ఆయన వాదన. పరుగెత్తుట, పోరాడుట, శరీరక్రియలను చంపుట అనే లేఖన భాషను (1 కొరింథీ 9:24-27, రోమా 8:13) ఎందుకు దాటిపోవుచున్నారని ప్రశ్నించారు. మన విద్యార్థులు ఈ వివాదాన్ని విశ్వాసమా ప్రయాసమా అనే ప్రశ్నగా పరీక్షలకు చదువుతారు. ఆ ప్రశ్నలో మేము రైల్ పక్షమే. అయినను ఆయన ఇచ్చిన మందు కూడ ఒక పుస్తకమే. సభ చెవికి చేరుతుంది, పుస్తకం కంటికి చేరుతుంది, ఫోయ్ మాత్రం గడప వరకు వెళ్లారు.

ఈ చరిత్ర మనకు దూరమైనది కాదు. 19వ శతాబ్దపు చివరి భాగంలో హైదరాబాదు సంస్థానానికి వచ్చిన వెస్లియన్ మిషను, సభ్యత్వమంటే క్లాసు సభ్యత్వమని ఎంచిన సంఘం పంపినదే. మెదకులో 1924లో ప్రతిష్ఠించబడిన మహాదేవాలయాన్ని చూడ వచ్చేవారు ఏటేటా వస్తూనే ఉన్నారు. దానిని కట్టిన మిషను వెనుక ఒకప్పుడు టికెట్టు విచారణ ఉండేదని వారిలో ఎందరికి తెలుసు? కెస్విక్ సభలు పంపిన మిషనరీగా ఏమీ కార్మైకేల్ 1895లో భారతదేశానికి వచ్చి తమిళదేశంలోని దోనావూరులో పనిచేశారు. ఆ సభల భాష, అనగా సమర్పణ, జయజీవితం, ఆత్మపూర్ణత, నేడు మన ఉజ్జీవ సభల భాష కూడ. మన పట్టణాలలో గోడలపై ఇటువంటి సభల పోస్టర్లు లేని నెల లేదు. వేదిక మనకు దక్కింది, క్లాసు దక్కలేదు.

గృహ కూడికలు ఉన్నవి కదా అని కొందరు అంటారు. ఉన్నవి. పాట, వాక్యం, ప్రార్థన అంశాలు, టీ. జ్వరాలు, ఉద్యోగాలు, పిల్లల పరీక్షలు ప్రార్థన అంశాలలోకి వస్తాయి. కట్నంగా ఎంత అడిగారు, తక్కువ కులస్థుడని ఎవరి ఇంట భోజనం మానారు, గత వారం ఎవరి మీద చెయ్యి ఎత్తారు అనేవి రావు. అడిగితే ఊరంతా పాకుతుందన్న భయం నిజమైనదే. అందుకే వెస్లీ బ్యాండ్లలో స్త్రీపురుషులు వేరుగా, కొద్దిమందిగా, ఒకరి తరువాత ఒకరు అందరును మాట్లాడవలెనన్న నియమంతో కూడుకొనేవారు. ఒకడు ఒప్పుకొని మిగిలినవారు వినిపోయే చోటు కాదది.

అన్నిటికంటె కాపరుల విషయం కష్టమైనది. 1744లో లండనులో మొదలైన వెస్లీ వార్షిక కాన్ఫరెన్సులలో, బోధకుల జీవితాన్ని, బోధను పేరు పేరున విచారించే ఆచారం స్థిరపడింది. బోధకుడు ఆ మాటలు విని, జవాబు చెప్పి, తన సర్క్యూటుకు వెళ్లేవాడు. మా ప్రాంతంలో కాపరులు నెలకొకసారి కూడుకుంటారు. సభల తేదీలు, బదిలీలు, చందాలు చర్చకు వస్తాయి. మూడేళ్ల క్రితం మాలో నలుగురము ఆ కూడిక ముగిసిన తరువాత ఒక గంట అదనంగా కూర్చుండుట మొదలుపెట్టాము. ఫోనులో ఏమి చూచావు, కానుకల పెట్టె ఎవరి ఎదుట లెక్కించావు, భార్యతో ఎలా మాట్లాడావు అని ఒకరినొకరము అడుగుతాము. మొదటి రెండు నెలలు ఎవరమును నిజం చెప్పలేదని ఇప్పుడు మా అందరికి తెలుసు. మూడవ నెలలో మాలో వయస్సున పెద్దవారు లెక్కలను గూర్చిన ప్రశ్నకు చాలాసేపు జవాబివ్వలేదు. మేమును తొందరపెట్టలేదు.