మైదానం అడిగినవాళ్ళు

కోవిల్‌పట్టి పేరు చెబితే బయటి ఊళ్ళవాళ్ళకు ముందు కడలై మిఠాయి గుర్తొస్తుంది, తర్వాత అగ్గిపెట్టె. మన వైపు పిల్లలను అడగండి, హాకీ అంటారు. క్రికెట్టు పిచ్చి లేని ఊరు కాదు మనది. అయినా కోవిల్‌పట్టిలో తాత ఆడినాడు, నాయన ఆడినాడు, ఇప్పుడు మనుమడు ఆడుతున్నాడు అని చెప్పుకునే ఆట హాకీ ఒక్కటే. కృష్ణానగర్‌లో తమిళనాడు క్రీడాభివృద్ధి సంస్థ వారి టర్ఫ్ మైదానం ఉంది, హాకీ పిల్లలకు హాస్టల్ ఉంది. 2021 డిసెంబరులో ఒకసారి, 2022 మేలో ఇంకోసారి జాతీయ జూనియర్ పురుషుల హాకీ పోటీలు అక్కడే జరిగినాయి. పంజాబు, ఉత్తరప్రదేశ్, ఒడిశా పిల్లలు వచ్చి మన ఎండలో ఆడిపోయినారు.

అదే 2022లో జకార్తాలో ఆసియా కప్ ఆడిన భారత జట్టులో మారీశ్వరన్ శక్తివేల్ ఉన్నాడు. కోవిల్‌పట్టి అబ్బాయి. అదే జట్టులో ఉన్న కార్తి సెల్వం అరియలూరు నుంచి వచ్చి కోవిల్‌పట్టి హాస్టల్లో ఉండి ఆట నేర్చుకున్నాడు. ఆ సారి మన దేశానికి మూడో స్థానం వచ్చింది. ఇద్దరూ పెద్దింటి పిల్లలు కారు. కాబట్టి ఒక ప్రశ్న అడగాలి. ఆ మైదానం, ఆ హాస్టల్ లేకపోతే వాళ్ళు అక్కడిదాకా పోయేవాళ్ళా?

ఈ ప్రశ్నకు జవాబు చరిత్రలో ఉంది. 1928 నుంచి 1972 దాకా జరిగిన ప్రతి ఒలింపిక్స్‌లోనూ మన హాకీ జట్టు ఏదో ఒక పతకం తెచ్చింది. 1975లో కౌలాలంపూర్‌లో ప్రపంచ కప్ కూడా గెలిచింది. మరుసటి ఏడు మాంట్రియల్ ఒలింపిక్స్‌కు పోతే ఏడో స్థానం! ఒక్క ఏడాదిలో ఆట మరిచిపోతారా? ఆట మరవలేదు, నేల మారింది. ఒలింపిక్స్‌లో మొట్టమొదటిసారి హాకీని గడ్డి మీద కాకుండా కృత్రిమ టర్ఫ్ మీద ఆడించింది అక్కడే. టర్ఫ్ మీద బంతి ఎగరదు, పక్కకు తప్పదు, బాణం మాదిరి పోతుంది. గడ్డి మీద బంతిని కర్రకు అతికించినట్టు తిప్పే మన వాళ్ళ నేర్పు కన్నా పరుగూ బలమూ ఎక్కువ పనికొచ్చినాయి. ఓటమికి ఇది ఒక్కటే కారణం అంటే పొరపాటు, కానీ పెద్ద కారణం ఇదే.

అప్పటినుంచి హాకీ ఖరీదైన ఆట అయిపోయింది. పాత కాలంలో ఒక చదునైన మైదానం, పదకొండు కర్రలు ఉంటే చాలు. ఇప్పుడు 91.4 మీటర్ల పొడవు, 55 మీటర్ల వెడల్పు టర్ఫ్ కావాలి. దానికి కోట్లు కావాలి. ఆటకు ముందు దాన్ని నీళ్ళతో తడపాలి. కొన్నేళ్ళకు అరిగిపోతే మళ్ళీ కొత్తది పరచాలి. మన కరిసల్ కాట్లో తాగేనీళ్ళకే లారీ కోసం బిందెలు వరుసలో పెట్టిన రోజులు ఉన్నాయి. కాబట్టి ఊరివాళ్ళు చందా వేసుకుని చేసే పని కాదిది. ప్రభుత్వం దగ్గరికి పోవాల్సిందే.

ఏ ప్రభుత్వం దగ్గరికి? మన రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో రాష్ట్ర జాబితా ఉంది కదా, సివిక్స్ పాఠంలో బట్టీ పట్టినాము. అందులో 33వ అంశంలో నాటకాలు, సినిమాలతో పాటు ఆటలూ ఉన్నాయి. అంటే మైదానం విషయం ముందు రాష్ట్రానిది. అందుకే మైదానం కావాలనేవాళ్ళు మొదట వెతుక్కుంటూ పోవాల్సింది ఎమ్మెల్యే ఇంటికి.

ఎమ్మెల్యేలకూ స్టేడియానికీ ఉన్న సంబంధం గురించి మన దేశంలో అందరికన్నా బాగా చెప్పే కథ బొంబాయిది. అక్కడ 1937 నుంచి బ్రబోర్న్ స్టేడియం ఉండేది. దాని సొంతదారు క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియా. మ్యాచ్‌లు జరిపేది బొంబాయి క్రికెట్ సంఘం. ఇల్లు ఒకరిది, పెళ్ళి ఇంకొకరిది. ఇక టికెట్ల దగ్గర తగాదా రాకుండా ఉంటుందా? మాకు ఇన్ని సీట్లు కావాలని సంఘం, అన్ని ఇయ్యమని క్లబ్బు, ఏళ్ళ తరబడి ఇదే గొడవ. అప్పుడు సంఘానికి అధ్యక్షుడు శేషరావు వాంఖడే. ఆయన మహారాష్ట్ర శాసనసభకు స్పీకరు కూడా. 1970ల మొదట్లో కొందరు యువ ఎమ్మెల్యేలు ఆయన దగ్గరికి వచ్చి, మేము ఒక క్రికెట్ మ్యాచ్ పెట్టుకుంటాము, బ్రబోర్న్ ఇప్పించండి అన్నారు. వాంఖడే వాళ్ళను వెంటబెట్టుకుని క్లబ్ అధ్యక్షుడు విజయ్ మర్చంట్ దగ్గరికి పోయినాడు. మర్చంట్ కుదరదన్నాడు. మర్చంట్ సామాన్యుడు కాదు, తన కాలంలో దేశంలోని గొప్ప బ్యాట్స్‌మన్లలో ఒకడు. కానీ ఎదురుగా నిలబడింది శాసనసభ స్పీకరు! ఆ అవమానంతో, మా స్టేడియం మేమే కట్టుకుంటాము అని వాంఖడే తీర్మానించుకున్నాడు. ముఖ్యమంత్రి వసంతరావు నాయక్ అండ దొరికింది. శశి ప్రభు అనే ఆర్కిటెక్టు నమూనా గీసినాడు. చర్చ్‌గేట్ దగ్గర, పాత స్టేడియానికి కూతవేటు దూరంలో, దాదాపు 13 నెలల్లో కొత్త స్టేడియం లేచింది. 1975 జనవరిలో వెస్టిండీస్‌తో మొదటి టెస్టు జరిగింది. క్లైవ్ లాయిడ్ ఔట్ కాకుండా 242 కొట్టినాడు. 2011 ఏప్రిల్ 2న ధోనీ సిక్సర్ కొట్టి ప్రపంచ కప్ గెలిపించింది కూడా అక్కడే. ఆ స్టేడియానికి ఆ స్పీకరు పేరే పెట్టినారు.

చదివేటప్పుడు నాకు నవ్వొచ్చింది, తర్వాత కొంచెం కోపమూ వచ్చింది. అడిగినవాళ్ళు ఎమ్మెల్యేలు, ఇప్పించినవాడు స్పీకరు, అందుకే 13 నెలల్లో అయిపోయింది. పక్కపక్కన రెండు పెద్ద స్టేడియాలు ఒకే ఊరికి అవసరమా అని అడిగే గొంతుకు అక్కడ బలం చాలలేదు. మామూలు జనం అడిగితే పని ఆ వేగంతో నడుస్తుందా?

జనం అడిగిన కథ అమెరికాలో ఉంది. మన తెలుగువాళ్ళు చాలామంది ఉద్యోగాలు చేస్తున్న సియాటెల్ నగరంలో సూపర్‌సోనిక్స్ అనే బాస్కెట్‌బాల్ జట్టు 1967 నుంచి ఆడేది. 2006లో దాన్ని ఓక్లహోమా వ్యాపారులు కొన్నారు. కొత్త స్టేడియం కట్టించండి, ప్రభుత్వం డబ్బు పెట్టండి, లేకపోతే జట్టు పోతుంది అన్నారు. అభిమానులు జట్టును కాపాడండి అని సంఘం పెట్టుకుని శాసనసభ్యుల చుట్టూ తిరిగినారు, కోర్టు ముందు వేలమంది గుమిగూడినారు. అయితే అదే ఊరి ఓటర్లు 2006లోనే నూటికి 74 మంది, లాభం రాకుండా ఆటల జట్లకు మా పన్నుల డబ్బు పెట్టకూడదని ఓటేసి ఉన్నారు. 2007లో రాష్ట్ర శాసనసభ స్టేడియానికి డబ్బు ఇవ్వలేదు. 2008లో జట్టు ఓక్లహోమా సిటీకి వెళ్ళిపోయింది. 41 ఏళ్ళ బంధం తెగింది. తమాషా ఏమంటే, తర్వాత పాత స్టేడియాన్నే ప్రైవేటు డబ్బుతో, వంద కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెట్టి తిరగ కట్టినారు. 2021లో తెరిచినారు. ఇప్పుడక్కడ మంచు మీద ఆడే హాకీ జట్టు ఉంది.

ఆ శాసనసభ్యులు చేసింది తప్పని నేననను. కోటీశ్వరుల జట్టుకు బడి డబ్బు, ఆస్పత్రి డబ్బు ఎందుకియ్యాలని వాళ్ళు అడిగినారు. న్యాయమైన ప్రశ్నే. జనం కూర్చుని చూసే స్టేడియం వేరు, పిల్లలు దిగి ఆడే మైదానం వేరు. ఈ తేడా చెప్పకుండా స్టేడియం కావాలి, కావాలి అంటే నాకూ నచ్చదు.

మన రాష్ట్రంలో జల్లికట్టు కథ ఇంకో రకం. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టును ఆపేసింది. 2017 జనవరిలో చెన్నై మెరీనా నుంచి మదురై దాకా విద్యార్థులు రాత్రింబవళ్ళు కూర్చున్నారు. జనవరి 23న శాసనసభ చట్టం చేసింది. 2023 మే 18న సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లుతుందని చెప్పింది. ఆట కోసం జనం శాసనసభను కదిలించడం ఇంతకన్నా పెద్దగా నేను వినలేదు. కానీ వాళ్ళు అడిగింది చట్టం. దాని వెనకే స్టేడియం కూడా వచ్చింది. అలంగానల్లూరు దగ్గర కీళకరైలో 2024 జనవరి 24న ముఖ్యమంత్రి స్టాలిన్ పెద్ద ఏరుతళువుదల్ అరంగం తెరిచినారు. అయిదువేల మంది కూర్చునే చోటు. అలంగానల్లూరు పొంగల్ జల్లికట్టు మాత్రం ఆ ఏడాది కూడా ఊరి పాత వాడివాసల్ ముందే జరిగింది. ఊరి దేవుడి ముందు, ఊరి వీధిలో విడిచే ఎద్దును స్టేడియానికి తోలుకుపోతే అది వేరే ఆట అయిపోతుందని ఆ ఊరివాళ్ళకు తెలుసు. మన కంబళత్తు నాయకర్ల ఎద్దుల పరుగు చూసినవాళ్ళకు ఈ మాట విడమరిచి చెప్పక్కరలేదు.

హాకీకి అలా కాదు. టర్ఫ్ లేకపోతే ఆటే లేదు. 2025 చివర్లో జూనియర్ ప్రపంచ కప్ చెన్నైలో, మదురైలో జరిగింది. 24 దేశాలు వచ్చినాయి. దానికోసం మదురైలో కొత్త టర్ఫ్ స్టేడియం తయారైంది. జర్మనీ గెలిచింది, మన పిల్లలకు కంచు పతకం వచ్చింది. పెద్ద పోటీ వస్తుందంటే ప్రభుత్వం చేయి చాస్తుంది, ఇది చరిత్రలో అన్నిచోట్లా కనిపించే సంగతే. మరి పెద్ద పోటీ ఎప్పటికీ రాని కయత్తారు లాంటి ఊరి సంగతి?

మన కయత్తారుకు ఏ పేరుంది? 1799 అక్టోబరు 16న కట్టబొమ్మన్‌ను ఉరితీసిన ఊరు. విగ్రహం ఉంది, మణిమండపం ఉంది. దారిలో ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్‌కు, ఇంట్లో తెలుగు మాట్లాడి తమిళంలో రాసిన ఆ పెద్దాయనకు, కోవిల్‌పట్టిలో స్మారక మండపం కట్టినారు. రెండూ ఉండాల్సినవే. పోయినవాళ్ళ కోసం అడగడం మన వైపువాళ్ళకు బాగా వచ్చు. ఆడేవాళ్ళ కోసం అడగడం ఇంకా నేర్చుకోవాలి.

మా ఊరి నుంచి కోవిల్‌పట్టికి బస్సులో 20 కిలోమీటర్ల పైచిలుకు. మగపిల్లలు బడి వదలగానే పోయి చీకటి పడ్డాక వస్తారు. ఆడపిల్లలను ఆ వేళ బస్సెక్కనియ్యరు. మా అవ్వను అడిగితే, ఆటకు పోయి రాత్రి ఇంటికొస్తావా అమ్మీ అంటుంది, అంతటితో మాట అయిపోతుంది. చిత్తూరు జిల్లా పల్లెటూళ్ళో పుట్టిన ఎతిమరపు రజని రెండు ఒలింపిక్స్‌లకు, రియోకూ టోక్యోకూ, భారత జట్టు గోల్‌కీపరుగా పోయింది. తెలుగమ్మాయే. ఆమె ఫోటో చూపించినాను. అవ్వ చాలాసేపు చూసింది గానీ మాట మార్చలేదు. అవ్వ మాటకు జవాబు రజని ఫోటో కాదు, నడిచిపోయే దూరంలో ఒక మైదానం.

అడగడానికి దారులు ఉన్నాయి. ప్రతి ఎమ్మెల్యేకు నియోజకవర్గ అభివృద్ధి నిధి ఏడాదికి 3 కోట్లు. దాంట్లోనే బడి గదులు, రోడ్లు, నీళ్ళ ట్యాంకులు అన్నీ ఉంటాయి కాబట్టి టర్ఫ్ కోసం అడిగితే వాళ్ళు తల గోక్కుంటారు. 234 నియోజకవర్గాల్లోనూ ఒక్కో మినీ స్టేడియం, ఒక్కొక్కటి 3 కోట్లతో, అని ప్రభుత్వం ప్రకటించిన పథకం ఒకటి ఉంది. దాన్ని పట్టుకోవచ్చు. సోమవారం కలెక్టరాఫీసులో మను ఇయ్యొచ్చు. గ్రామసభల్లో తీర్మానం చేయించొచ్చు. శాసనసభలో క్రీడాశాఖ పద్దు చర్చకు వచ్చే ముందే మన మాట ఎమ్మెల్యే చేతిలో ఉండాలి, తర్వాత పోతే ఇంకో ఏడాది ఆగాలి.

కానీ వట్టిగా స్టేడియం కావాలి అని రాస్తే ఆ కాగితం కట్టలో కలిసిపోతుంది. ఏ పొరంబోకు స్థలం, దాని సర్వే నంబరు ఎంత, నీళ్ళు ఎక్కడినుంచి, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది, ఇవన్నీ రాయాలి. మాకు ముందు టర్ఫ్ కూడా అక్కరలేదు. రాళ్ళు ఏరి చదును చేసిన నేల, చుట్టూ కంచె, రెండు దీపాలు, ఆడపిల్లలకు తలుపున్న ఒక మరుగుదొడ్డి చాలు. ఇంకొక్క వరుస మనులో కింద తప్పకుండా రాయించాలి: సాయంత్రం 4 నుంచి 6 దాకా మైదానం ఆడపిల్లలది.