బొమ్మ వెనక పాట

పెళ్లయినా, పెద్దకర్మయినా, లారీ ఓనర్ల సన్మానమైనా ఇప్పుడు సాలూరులో తెర మీద ఫోటోలు నడవాల్సిందే, వాటి వెనక పాట ఉండాల్సిందే. అది మాబోటి స్టూడియోవాళ్ల పని. కంప్యూటర్లతో వచ్చిన కొత్త ముచ్చట అనుకుంటారు గానీ చాలా పాతది.

తోలుబొమ్మలాటలో తెర వెనక దీపం, మద్దెల, తాళాలు. బొమ్మనాడించే మనిషే కథ చెప్పేవాడు, పాడేవాడు. 1890లలో బొంబాయి దగ్గరి కళ్యాణ్‌లో మహదేవ్ పట్వర్ధన్ గాజు పలకల మీద రంగుబొమ్మలు వేసి, దీపం వెలుగుతో తెరకెక్కించి, కథా సంగీతమూ జోడించి ఆడించారు. మచిలీపట్నంలో పుట్టిన రఘుపతి వెంకయ్యనాయుడు మద్రాసులో ఫోటో స్టూడియో నడిపేవారు. టాకీలు రాకముందే, 1910 ప్రాంతంలో, ఆయన క్రోనోమెగాఫోన్ తెప్పించారు. ఒకవైపు ఫిల్ము తిరిగేది, మరోవైపు గ్రామఫోన్ రికార్డు పలికేది. బొమ్మ వెనక మనిషి బదులు యంత్రం నిలబడింది.

టాకీలు వచ్చాక ఈ విద్యలో మా ప్రాంతపు పేరే మోగింది. సాలూరు దగ్గరి శివరామపురంలో 1922లో పుట్టిన సాలూరి రాజేశ్వరరావు, మృదంగ విద్వాంసుడు సన్యాసిరాజు కొడుకు. 1935లో ‘శ్రీకృష్ణ లీలలు’లో బాలకృష్ణుడిగా తెర మీదికొచ్చి, తర్వాత సంగీత దర్శకుడయ్యారు. 1951 నాటి ‘మల్లీశ్వరి’ పాటలు ఆయనవి. నేపథ్య సంగీతం అద్దేపల్లి రామారావుది. పాట కట్టడం వేరు, బొమ్మకు వెనక సంగీతం నింపడం వేరు అని ఆ పెద్దలకు తెలుసు.

మా దుకాణాల్లోకి ఈ పని క్యాసెట్లతో వచ్చింది. వీడియోలో ఫోటోలు ముందు ఎక్కించి, టేప్‌రికార్డర్‌లోంచి పాట డబ్బింగ్ చేసేవాళ్లం. తర్వాత పవర్‌పాయింట్. 2010కి ముందటి వెర్షన్లలో ఎంపీ3 పాట ఫైల్లో ఇమిడేది కాదు, అది ఎక్కడుందో ఆ దారి మాత్రమే ఉండేది. అందుకే పాటతో సహా ఫోల్డరంతా పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చేవాళ్లం. ఇప్పుడు ఆ బాధ లేదు. లెక్క మాత్రం మారలేదు: నాలుగు నిమిషాల పాటంటే 240 సెకన్లు, ఫోటోకి ఐదు సెకన్ల చొప్పున 48 ఫోటోలు. జనం 150 తెస్తారు. పన్నెండున్నర నిమిషాలు! మూడు పాటలు అతికించాలి.

‘నాన్న బొమ్మ వచ్చినప్పుడు పాట గట్టిగా ఎట్టు బాబూ’ అంటారు. నేను సరిగ్గా అక్కడే తగ్గిస్తాను. మాటలున్న పాట మొదట్లో, చివర్లో. మధ్యలో వీణో, వేణువో సన్నగా. కారణం ఉంది. తోలుబొమ్మల నాడు కథ చెప్పే మనిషి తెర వెనక ఉండేవాడు. ఇప్పుడు ఎదురుగా కుర్చీల్లో ఉన్నాడు. మొదటి లారీ పక్కన నిలబడ్డ పెద్దాయన ఫోటో పడగానే, ‘ఆ కేబిన్లో ఉన్నది ఎవరే?’ అని ఒక ముసలమ్మ అడుగుతుంది, పక్కావిడ వంశమంతా విప్పుతుంది. ఆ కథ వినబడకుండా మోగే పాట ఎంత మంచిదైనా దండగే. బేరంలో రేటు తగ్గిస్తాను గానీ, అక్కడ సౌండు మాత్రం పెంచను.