ఆకును అంటిన గుడ్డు: జపాను చేసిన పోరు

అంగడి నుండి తెచ్చిన కొత్తిమీర కట్టను మీరెంత తేరిపార చూచినా దానిపై ఏలికపాము గుడ్డు ఉన్నదీ లేనిదీ తెలియదు. మిల్లీమీటరులో ఇరువదవ వంతుకు కాస్త మించిన పరిమాణం దానిది. పైపొర జిగురు, ఆకు ముడతలను పట్టుకొని ఒక పట్టాన వదలదు. ఈ గుడ్డుపై ఒక దేశమే పోరు సాగించింది.

జపాను రైతులు శతాబ్దాలుగా మానవ మలాన్ని పొలాలకు ఎరువుగా వేసేవారు. ఎదో నగరంలో దానికి మంచి ధర పలికేది. ఇండ్ల యజమానులు దానిని అమ్ముకొనేవారు. అనాగరికమని తీసిపారవేయకండి, నేల సారాన్ని తరతరాలుగా నిలిపినది అదే. అయితే ఒక్క ఆడ ఏలికపాము రోజుకు సుమారు 2 లక్షల గుడ్లు పెడుతుంది. అవి మట్టిలో రెండు మూడు వారాలు పరిపక్వమై, ఆకుకూరల ద్వారా మరల మనిషి కడుపునకే చేరేవి.

1922లో కోయినో అనే వైద్యుడు 2,000 గుడ్లను తానే మింగాడు. కొద్ది రోజులలో జ్వరం, దగ్గు పట్టుకొన్నవి. తన కఫాన్ని సూక్ష్మదర్శినిలో చూడగా పిల్ల పురుగులు కనబడ్డాయి. పేగులో పొదిగిన పురుగు ఊపిరితిత్తుల మీదుగా తిరిగి పేగుకు చేరుతుందని మనిషిలో అలా రుజువైంది. ఇటువంటి ప్రయోగానికి నేడు ఏ నైతిక సంఘమూ అనుమతి ఇవ్వదు, ఇవ్వకూడదు కూడా.

యుద్ధానంతరం వచ్చిన అమెరికన్ సైన్యం స్థానిక కూరగాయలను పచ్చిగా తినుటకు జంకి, 1946లో చోఫు వద్ద మట్టి లేకుండా, కంకరలో పోషక జలంతో ఆకుకూరలు పెంచింది. అప్పటికి జపాను ప్రజలలో సగం మందికి పైగా ఏలికపాములు ఉండేవి.

ఆకుపై గుడ్లను పట్టే పద్ధతి సులభమే. తూచిన ఆకులను నీటిలో బాగా కదిలించి, ఆ కడుగునీటిని గిరగిర తిప్పే యంత్రంలో ఉంచి అడుగుమడ్డి తీస్తారు. దానిని చిక్కని ఉప్పునీటిలో కలిపితే, ఆ నీటికన్న తేలికైన గుడ్లు పైకి తేలుతాయి. పైపొరను గాజుపలకపైకి ఎత్తి సూక్ష్మదర్శినిలో లెక్కిస్తారు. చిక్కు మరొకచోట ఉన్నది: కనబడిన గుడ్డు బ్రతికి ఉన్నదో లేదో తేల్చుటకు దానిని వారాల తరబడి వెచ్చగా ఉంచి, లోపల పిల్ల ఎదుగుతున్నదేమో చూడవలసి వస్తుంది. అంతవరకు ఆ ఆకుకూర ఎవరి కోసం ఆగుతుంది?

అందుచేత జపాను ఆకులకన్న మనుషులను ఎక్కువగా పరీక్షించింది. బడిపిల్లల మలపరీక్షలు, సముద్రపు నాచు కషాయం, ఆపై మందులు, రసాయన ఎరువులు అన్నీ తోడై 1970ల మధ్యకు ఆ వ్యాధి నూటికి ఒకరికన్న తక్కువకు దిగింది. 1956లో అక్కడ వెలువడిన ‘లైపాన్ ఎఫ్’ అనే సబ్బుద్రవం గిన్నెలతోపాటు కూరగాయలను కడుగుటకు కూడా ఉద్దేశించినదే. మీరు మాత్రం ఆకుకూరలకు సబ్బు వాడకండి. వెనిగరు, క్లోరిన్‌లకు ఈ గుడ్డు సులభంగా చావదు. ఉడకబెట్టిన వేడికి చస్తుంది. పప్పులో ఉడికిన తోటకూరకు భయం లేదు. పచ్చిగా చల్లే కొత్తిమీరను, పెరుగుపచ్చడిలో వేసే పుదీనాను వేళ్లు కోసి, ఆకులు విడదీసి, ధారగా పడే నీటిలో పలుమార్లు కడగండి.