కొయ్యకు నిప్పును, ఎండయును



జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల పాత యిండ్లలో టేకు స్తంభములును తలుపులును నేటికిని గలవు. ఒకే మ్రానున కోసిన కొయ్యయైనను లోపలి స్తంభము తేనెవన్నెతో నిలిచియుండ, వీధితలుపు బూడిదవన్నెకు తిరిగి నెఱ్ఱెలు విచ్చును. ఇందులకు కారణమును, కొయ్యను కాపాడుటకు మనుష్యులు చేసిన ప్రయత్నముల చరిత్రమును నేడు మనవి చేసెదను.

కొయ్యకు శత్రువులు మూడు: చెదలు, తడి, ఎండ. మొదటి రెంటికిని పూర్వులు నిప్పును నమ్ముకొనిరి. గుంజ పాతుటకు ముందు మొదలు కాల్చు వాడుక పెద్దలెఱిగినదే. క్రీస్తు పుట్టుకకు కొంచెము ముందు రోమను వాస్తువేత్త విట్రూవియసును, పునాదిలో దింపు కొయ్యలను కాల్చి వాడవలెనని వ్రాసెను.

1933లో మన తెలుగువారగు సొంఠి కామేశముగారు డెహరాడూను అటవీ పరిశోధనాలయమున రాగి, పాషాణము, క్రోమియము గల లవణములను కొయ్యలోనికి ఎక్కించి చెదలను, కుళ్లును అరికట్టు విధము కనుగొనిరి. అది పెక్కు దేశములకు వ్యాపించెను. పాషాణము విషమగుటచే అమెరికాలో 2003 తుదినుండి గృహముల పనులకు దానిని చాలవఱకు మానిరి.

1990 తరువాత ఫిన్లాండు దేశీయులు మరల వేడినే ఆశ్రయించిరి. పైపైన కాల్చుట గాక, ఆవిరి నిండిన బట్టీలో సుమారు 190 మొదలు 212 డిగ్రీల వేడిని కొయ్య నడిమివఱకు పట్టించిరి. అట్టి కొయ్య తడిని తక్కువగా పీల్చును, తేలికగా కుళ్లదు, ముదురు గోధుమవన్నె దాల్చును. బలము మాత్రము కొంత తగ్గును. అంత వేడిని ఓర్చిన కొయ్యయును ఆరుబయట నుంచినచో వన్నె వెలిసి బూడిదరంగగును.

ఏలయన, దానిని ముఖ్యముగా చెఱచునది ఎండలోని వేడి గాదు, వెలుతురు. కంటికగపడని అతినీలలోహిత కిరణములు కొయ్యనారలను బంధించు లిగ్నిను అను పదార్థమును విఱుచును. వాన దానిని కడిగివేయును. రంగులేని తేటవార్నీషుగుండ ఆ వెలుతురు లోనికి దూరును. అడుగు కొయ్య చెడి, పూత పొరలుగా ఊడును.

వెలుతురును ఆపునది రంగుపొడి. మన జాజులోని యినుపతుప్పు ఆ కిరణములను పీల్చుకొనును. కావున కాచిన అవిసెనూనెలో మెత్తని జాజు కలిపి పలుచగా పూసి, వెలిసినప్పుడెల్ల మరల పూయుట మేలు. పూసిన గుడ్డలను కుప్పవేయరాదు. తమంత తామే రగులుకొనును. తలుపుపై చూరు ముందునకు దింపిన మఱింత రక్ష.

పెద్ద టేకుమ్రానులు అరుదైన యీ దినములలో తాతలు నిలిపిన తలుపు పోయిన అట్టిది మరల దొరకుట కష్టము. ఈ వేసవికి ముందే మీ వీధితలుపును ఒకమారు చూచుకొనుడని నా మనవి.