కారు ఇంజన్‌లో క్యామ్‌షాఫ్ట్ మార్పిడి

కంపెనీ అమర్చిన క్యామ్‌షాఫ్ట్‌ను తీసేసి బయటి తయారీదారు చేసినదాన్ని బిగించడం, ఇంజన్ శక్తి పెంచడానికి మెకానిక్‌లు పట్టిన పాత దారుల్లో ఒకటి. వాల్వ్‌లను తెరిపించే ఇరుసే క్యామ్‌షాఫ్ట్. క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగేలోగా అది ఒక చుట్టు తిరుగుతుంది. దాని మీద కోడిగుడ్డు ఆకారంలో ఉండే లోబ్ ఎంత పొడుచుకు వస్తే వాల్వ్ అంత లేస్తుంది. ఎంత బలిసి ఉంటే అంతసేపు తెరుచుకుని ఉంటుంది.

ఇంజన్ వేగం పెరిగేకొద్దీ సిలిండర్ నిండడానికి దొరికే వ్యవధి తగ్గిపోతుంది. వాల్వ్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచితే ఆ లోటు కొంత తీరుతుంది. కానీ తక్కువ వేగంలో అదే లోబ్ నష్టం తెస్తుంది. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వ్‌లు కాసేపు రెండూ తెరుచుకుని ఉండడంతో కాలిన వాయువు వెనక్కి మళ్లి, బండి ఆగి ఉన్నప్పుడు ఇంజన్ గుడగుడమంటూ ఊగుతుంది. ఆ చప్పుడు కోసమే క్యామ్ మార్పించుకునేవారూ లేకపోలేదు.

ఈ పని వృత్తిగా నిలదొక్కుకున్నది దక్షిణ కాలిఫోర్నియాలో. 1920ల నుంచి అక్కడ ఎడ్ విన్‌ఫీల్డ్ రేసు కార్లకు కార్బురేటర్లతో పాటు క్యామ్‌లూ చేసేవాడు. ఆనాటి పద్ధతి పాత క్యామ్‌నే మళ్లీ సానపట్టడం. లోబ్ కొనకు లోహం అతికించకుండా, దాని గుండ్రని అడుగు భాగాన్ని అరగదీసేవారు. అడుగు తగ్గితే కొన అంత ఎత్తయినట్టే. అయితే క్యామ్‌కూ, దాని మీద ఆని వాల్వ్‌ను నెట్టే ట్యాపెట్‌కూ మధ్య సందు పెరుగుతుంది. ఫోర్డ్ 1932లో తెచ్చిన ఫ్లాట్‌హెడ్ వీ8 (3.6 లీటర్లు, 65 హార్స్‌పవర్) ట్యాపెట్‌లను సవరించే వీలు లేనందున, సవరించదగిన ట్యాపెట్‌లు కూడా బయట అమ్మకానికి వచ్చాయి. చవగ్గా దొరికే ఆ వీ8లను మ్యూరాక్ వంటి ఎండిన సరస్సుల మీద పరుగెత్తించిన కుర్రకారే ఈ వ్యాపారానికి తొలి ఖాతాదారులు.

విన్‌ఫీల్డ్ పనితనం చూసి స్ఫూర్తి పొందిన ఎడ్ ఇస్కెండేరియన్ రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, మామూలు గ్రైండింగ్ యంత్రాన్ని క్యామ్‌లకు అనువుగా మార్చుకుని దుకాణం తెరిచాడు. 1948లో మొదలైన హాట్ రాడ్ పత్రిక ఇటువంటి దుకాణాలకు దేశమంతా గిరాకీ తెచ్చింది. 1953లో ఫ్లోరిడాలో హార్వీ క్రేన్ మరో సంస్థ పెట్టాడు. చక్రాల కుర్చీలోంచే పనిచేసిన చెట్ హెర్బర్ట్, అడుగున చిన్న చక్రం ఉండే రోలర్ ట్యాపెట్‌ల క్యామ్‌లకు పేరు తెచ్చాడు. బల్లపరుపు ట్యాపెట్ అయితే లోబ్ అంచు ఎంత నిటారుగా లేవచ్చనే దానికి ట్యాపెట్ వెడల్పే హద్దు. రోలర్ ఆ హద్దును సడలించింది, రాపిడినీ తగ్గించింది.

1955 నాటి షెవర్లే వీ8 ఈ రంగానికి కొత్త వేదిక. క్యామ్ బ్లాక్‌లోనే ఉండే ఇటువంటి ఇంజన్‌లో రేడియేటర్, వాటర్ పంపు, టైమింగ్ కవర్ విప్పి, పుష్‌రాడ్‌లూ లిఫ్టర్‌లూ (ట్యాపెట్‌లకే మరో పేరు) తీసి, ఇరుసును ముందు నుంచి మెల్లగా లాగాలి. లోబ్ అంచు తగిలితే మెత్తటి బేరింగులు గీసుకుపోతాయి. క్యామ్, క్రాంక్ గేర్ల మీది చుక్కలు ఎదురెదురుగా కలిపితే సరిపోతుందనుకోవడం పొరపాటు. గేర్లలోనో చైన్‌లోనో రెండు మూడు డిగ్రీల తేడా ఉండవచ్చు కనుక, క్రాంక్‌కు డిగ్రీల చక్రం బిగించి, డయల్ గేజ్‌తో వాల్వ్ లేచే ఘడియను కొలిచి చూస్తారు. వాల్వ్ స్ప్రింగులు గట్టివి వేయాలి. పిస్టన్ మీద మెత్తటి మట్టి ముద్ద పెట్టి ఇంజన్‌ను చేత్తో తిప్పితే, వాల్వ్‌కూ పిస్టన్‌కూ మధ్య మిగిలే సందు ఎంతో ఆ ముద్ద మందమే చెబుతుంది.

బల్లపరుపు లిఫ్టర్‌ల క్యామ్‌కు అసలు పరీక్ష మొదటి 20 నిమిషాలే. కొత్త లిఫ్టర్‌లు వేసి, లోబ్‌లకు చిక్కటి పేస్టు పూసి, స్టార్ట్ కాగానే ఇంజన్‌ను నిమిషానికి సుమారు 2000 చుట్లకు తగ్గకుండా నడపాలి. ఐడ్లింగ్‌లో వదిలితే లోబ్‌ల మీద చిందే నూనె చాలదు. పొగను శుభ్రపరిచే కెటలిటిక్ కన్వర్టర్‌ను కాపాడేందుకు ఆయిల్‌లో జింకు, ఫాస్ఫరస్ కలిసిన రసాయనాన్ని తగ్గించాక లోబ్‌లు అరిగిపోయాయన్న ఫిర్యాదులు పెరిగాయి. దాంతో ఆ రసాయనం ఎక్కువున్న ప్రత్యేక నూనెలు మార్కెట్లోకి వచ్చాయి. 1980ల మధ్య నుంచి అమెరికన్ కంపెనీలు తామే రోలర్ లిఫ్టర్‌లు వేయడంతో ఆ ఇంజన్‌లకు ఈ బెడద తప్పింది.

1970 నాటి అమెరికా వాయు కాలుష్య చట్టం తర్వాత పొగ లెక్కలోకి వచ్చింది. కాలిఫోర్నియాలో రోడ్డు మీద నడిచే కారుకు ఇటువంటి క్యామ్ వేయాలంటే ఆ రాష్ట్ర వాయు సంస్థ మినహాయింపు ఉత్తర్వు ఉండాలి. కంప్యూటర్ నడిపే ఇంజన్‌లలో క్యామ్ మార్చాక ఇంధనం, స్పార్క్ లెక్కలనూ తిరగరాయాలి. తక్కువ వేగానికీ ఎక్కువ వేగానికీ ఒకే లోబ్ సరిపడని చిక్కును తీర్చేందుకు, హోండా 1989లో తెచ్చిన వీటెక్ ఒకే ఇరుసు మీద రెండు రకాల లోబ్‌లు పెట్టి, వేగాన్ని బట్టి ఒకదాన్నుంచి మరొకదానికి మారే ఏర్పాటు చేసింది. నడుస్తుండగానే క్యామ్‌ను ముందుకూ వెనక్కూ తిప్పే ఇంజన్‌లలో, పెద్ద లోబ్‌ల క్యామ్ వేసేటప్పుడు వాల్వ్ పిస్టన్‌ను తాకకుండా ఆ తిప్పుడుకు అడ్డుకట్ట కూడా బిగిస్తారు.